పణ్యవీథికకు రక్షణ: భీమునిపట్టణపు పాతబజారు
(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మేము విద్యావిషయమును గూర్చి మాటలాడవలెనని కార్యదర్శిగారు మొదట కోరియుండిరి. బడిపంతులుగా జీవితము గడపినవానికి అది తగిన విషయమే. కాని విద్యార్థివేతనములను గూర్చి ఈ వేదికమీద ప్రతియేటను ఎవరో యొకరు మాటలాడుచునే యున్నారు, మాటలాడుదురు గూడ. మేము చెప్పదలచినది మఱియొక యేడు ఆగునది కాదు. గావున వారి యనుమతితో విషయమును మార్చుకొంటిమి. భీమునిపట్టణపు పాతబజారును, అందలి ఒక యింటినిగాని ఒక గుడినిగాని గాక, వీథి నంతటిని ఒక్కటిగా, చారిత్రకప్రదేశముగా ప్రభుత్వమువారిచే గుర్తింపజేయవలెనని మా కోరిక. దీనికి మన సంఘము చేయదగిన పని యేమో, చేయరాని పని యేమో కూడ మనవి చేయుదుము.

అమరకోశమున పురవర్గమునందు ఆపణమనియు, నిషద్యయనియు, విపణియనియు, పణ్యవీథికయనియు నాలుగుమాటలు కలవు. మొదటి రెండును అంగడికి చెల్లును. తక్కిన రెండును అంగళ్ళ వరుసకు చెల్లును. చిన్నతనమున వల్లెవేయునపుడు ఇన్ని పర్యాయపదము లేలయని విసుగుకొనువారము. ఇప్పుడు చూడగా ఆ నిఘంటుకారుడు మన శాసనకర్తలకంటె ముందుచూపు కలవాడని తోచుచున్నది. అంగడి వేఱు, అంగళ్ళవరుస వేఱు అని అతడెఱుగును. మన చట్టములు చిరకాలము అంగడినే చూచినవి గాని వరుసను చూడలేదు.

1904లో కర్జన్ ప్రభువు కాలమున వచ్చిన ప్రాచీనకట్టడముల శాసనము గాని, దాని తరువాత 1958లో వచ్చిన కేంద్రశాసనము గాని, మన రాష్ట్రపు 1960 నాటి శాసనము గాని, గుడి, కోట, సమాధి, శాసనశిల, దిబ్బ మొదలగువానిని రక్షించుటకై పుట్టినవి. 1958 శాసనము ప్రకారము కట్టడమునకు నూఱేండ్లకు తక్కువ కాని వయస్సుండవలెను. జాతీయప్రాముఖ్యము గూడ నుండవలెను. 2010లో సవరణము వచ్చి, రక్షితకట్టడమునకు నూఱుమీటర్లలోపల కొత్తకట్టడము కూడదనియు, ఆపైని రెండువందల మీటర్లవఱకు అనుమతితోనే కట్టవలెననియు నిర్ణయించినది. ఇవియన్నియు మంచివే. కాని జనులు కాపురముండి, క్రయవిక్రయములు చేయుచు, ప్రతిదీపావళికిని సున్నము వేసికొనుచుండు వీథికి ఈ శాసనములు సరిపడవు. పాతబజారులో ఏ యిల్లును జాతీయప్రాముఖ్యము కలది కాదు. ఈ మాట ఒప్పుకొనుటకు మనము సిగ్గుపడనక్కఱలేదు. ఒక్కొక్క యిల్లు సామాన్యమే. వరుసగా నిలిచినపుడే వానికి అర్థము.

ఆ యర్థ మేమని మన పిల్లలు అడుగుదురు. ఏమి చెప్పుదుము? గోస్తనీనది సముద్రమున కలియు చోట, విశాఖపట్టణమునకు ఈశాన్యముగా నున్న యీ యూరిలో 17వ శతాబ్దమున ఒలాందావారు వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారి సమాధులు నేటికిని ఉన్నవి; చూడ వచ్చినవారు వానిని చూచి, సముద్రమున కాళ్లు తడుపుకొని వెళ్లిపోవుచున్నారు. ఒలాందావారికి నూలువస్త్రములు నేసినవారు, నేసినవానిని సేకరించి యిచ్చినవారు, ఆ సొమ్మును లెక్కవ్రాసినవారు ఈ దేశపువారు. 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఈ స్థానము ఇంగ్లీషువారి వశమైనది. 1861లో పురపాలకసంఘ మేర్పడినది. అనగా మన దేశమున పురపాలనము తప్పటడుగులు వేయుచుండిన కాలముననే ఈ చిన్నయూరు తన వీథులకు దీపములును కాలువలును తానే చూచుకొనజొచ్చినది. ఆ పట్టణము నేడు విశాఖ మహానగరపాలకసంస్థలో కలిసియున్నది గావున, మనము విన్నపము పెట్టుకొనవలసిన తలుపులును మాఱినవి.

19వ శతాబ్దమున ఈ రేవునుండి నువ్వులు, కరక్కాయలు, గోగునార ఓడలకెక్కెడివి. ఓడలు ఒడ్డునకు రాలేవు. దూరమున లంగరు వేసికొని నిలిచెడివి. మసూలా పడవలలో మూటలు వేసికొని, అలలు దాటించి ఓడ కందించుట జాలరుల పని. ఈ గోగునార విషయమున ఒక సంగతి చెప్పవలెను. వర్తకగ్రంథములలోను వృక్షశాస్త్రగ్రంథములలోను దీనికి ‘బిమ్లిపటం జ్యూట్’ అని ఇంగ్లీషుపేరు. బిమ్లిపట మనగా మన భీమునిపట్టణమే. మనము గోంగూర పచ్చడి తినుటయే యెఱుగుదుము గాని, ఆ జాతిమొక్క నారకు ప్రపంచము మన బజారు పేరే పెట్టినదని ఎందఱెఱుగుదురు?

పిమ్మట రెండు దెబ్బలు తగిలినవి. 1893 మొదలు 1896 లోపల ఈస్టుకోస్టు రైలుమార్గము వేయబడినది. అది సముద్రతీరమును వదలి విజయనగరము మీదుగా సాగినందున సరకు రైలెక్కసాగినది. 1933లో విశాఖపట్టణమున ఓడరేవు తెఱవబడగా, లంగరు వేసికొని దూరమున నిలువవలసిన రేవుతో ఓడలకు పని తీఱినది. పెద్దవర్తకులు తరలిపోయిరి. చిట్టివలస జనపనార మిల్లును మూతపడినది. అయినను ఒక విధముగా ఆ దురదృష్టమే వీథిని కాపాడినది. సొమ్ము లేనందున ఎవ్వరును పడగొట్టి కట్టలేదు. కాకినాడలోను విశాఖలోను సొమ్ము చేసిన పని ఇచ్చట పేదఱికము చేయనీయలేదు. ఇప్పుడు సముద్రపుటొడ్డున భూమి వెల పెరిగినది గావున ఆ రక్షణ ఇక లేదు. మా తొందరకు కారణ మిదియే.

గుర్తింపు కోరువారు మొట్టమొదట ఏ కాలమునకు ఈ వీథి ప్రమాణమో చెప్పవలెను. మా యూహలో అది 1825 మొదలు 1933 వఱకు. ఒలాందావారి కాలమును కూడ చేర్చవలదాయని కొందఱు మిత్రులు అడిగిరి. చేర్చిన యెడల గౌరవ మధికమగును, నిజము తగ్గును. నేడు నిలిచియున్న అరుగులు, తాళ్వారములు, మండువా లోగిళ్ళు, గూనపెంకులు, టేకుస్తంభములు ఎక్కువగా రేవువర్తకపు సొమ్ముతో కట్టినవి. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే విన్నపమునకు బలము.

ఈ పద్ధతి మేము కల్పించినది కాదు. అమెరికాదేశమున చార్లెస్టన్ నగరమువారు 1931లోనే ఒక పాతభాగమున కంతటికి నియమములు చేసిరి. 1966లో ఆ దేశపు శాసనసభ చేసిన చట్టము ననుసరించి జాతీయపట్టిక యొకటి ఏర్పడినది. అందులో ఒక్కొక్క కట్టడమునే గాక ప్రదేశములను గూడ చేర్చుదురు. హద్దులు గీయుదురు, హద్దులోని ప్రతికట్టడమునకు ఛాయాచిత్రము తీసి, ఇది ప్రదేశపు స్వభావమునకు తోడ్పడునది, ఇది తోడ్పడనిది అని గుర్తు పెట్టుదురు. సాధారణముగా ఏబదియేండ్లు దాటినవానినే లెక్కింతురు. నడుమ ఒక కొత్తమేడ యున్నంతమాత్రమున వీథి చెడినట్లు కాదు; అది ‘తోడ్పడనిది’ అని వ్రాసి ముందుకు సాగుదురు. ఇండియానా రాష్ట్రమున ఒహాయో నదీతీరమున మాడిసన్ అను చిన్నపట్టణము కలదు. అదియు మనవలెనే రేవుపట్టణము. దానిని గూడ కాలము పక్కకు నెట్టినది. 1973లో ఆ పాతపట్టణము పట్టికకెక్కినది. 1977లో, చిన్నపట్టణముల నడిబజారులను వర్తకముతోడనే బ్రతికించు ప్రయోగమునకై మూడు పట్టణములను ఏఱుకొనగా అందులో ఇదియొకటి. 2006లో జాతీయచిహ్నముగా ప్రకటింపబడినది. వారు వీథిని ప్రదర్శనశాల చేయలేదు. అంగళ్ళను అంగళ్ళుగానే యుంచిరి.

ఆ దేశపు చట్టమున మాకు మిక్కిలి నచ్చినది మఱియొకటి. 1980 సవరణము ననుసరించి, ప్రదేశములోని ఖాసగీ యజమానులలో సగముకంటె ఎక్కువమంది వ్రాతమూలముగా వలదన్నచో దానిని పట్టికలో చేర్చరు. చేర్చినమీదటను, యజమాని తన సొంతసొమ్ముతో తన యిల్లు మార్చుకొనుటను ఆ పట్టిక యొక్కటే ఆపదు. ఆపునది స్థానికనియమ ముండినచో అదియే. ఆదాయము వచ్చు పాతకట్టడమును పద్ధతిప్రకారము బాగుచేసినచో ఖర్చులో నూటి కిరువదివంతు పన్నులో తగ్గింతురు. గౌరవము, ప్రోత్సాహము, నిర్బంధము అను మూటిని వారు విడదీసిరి. మనవారు ఒక్కటిగా కలిపి భయపడుచున్నారు.

అంతదూర మేల? పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీథి యని పేరుగల వీథి కలదు. కల్వే సుబ్బరాయచెట్టి వీథి యనియు దానికి పేరు. పేరులోనే వర్తకుల వీథి. ఇంటిముందు తిన్నె, తిన్నెముందు తాళ్వారము, ఒక యింటి తాళ్వారము పక్కయింటి తాళ్వారముతో కలిసి, ఎండలో నడచువానికి వీథి పొడుగున నీడ. యూరపుసంఘమువారి ఆసియా-అర్బ్ ధనసహాయముతో ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్నవ్-స్యుర్-లో పట్టణములు తోడుపడగా, ఇన్‌టాక్ సంస్థవారు ఆ వీథి ముఖములను బాగుచేయించిరి. లోపలియిండ్లలో సంసారములు యథాపూర్వముగా సాగినవి. 2008లో ఆ వీథికి యునెస్కోవారి ఆసియా-పసిఫిక్ వారసత్వపురస్కారములలో స్థానము దొరికినది. అరుగు చూచి పురస్కార మిచ్చినవారున్నారు. మన వీథిలో అరుగు కాలువమీదికి వచ్చినదని ఒక కార్యాలయమువారు గడ్డపాఱలు తెచ్చి ఒక్క ఉదయమున తీసివేసిరి. ఆ యింటి వృద్ధురాలు అటుపిమ్మట కూర్చుండుటకు చోటులేక గుమ్మములో కూర్చుండుచున్నది. అరుగు రాయి పోయినది. వీథిలో పదిమంది మాటలాడుకొను చోటును పోయినది.

గుర్తింపు ఏ రూపమున కోరవలెనను విషయమున జాగ్రత్త వలయును. హైదరాబాదు అనుభవము మనకు పాఠము. అచ్చటి నగరాభివృద్ధిసంస్థవారి 1981 నాటి నియమములలో 1995లో పదమూడవ నియమమును చేర్చి, పాతకట్టడముల పట్టిక ప్రకటించిరి. ఇరువదియేండ్లు అది పనిచేసినది. 2015లో ప్రభుత్వోత్తరువుతో ఆ నియమమును తొలగించిరి. 2017లో తెలంగాణా వారసత్వశాసనము వచ్చినది. 2019లో ఇఱ్ఱం మంజిలును కూల్చవలెనను నిర్ణయమును ఉన్నతన్యాయస్థానము కొట్టివేయవలసివచ్చినది. ఒక కలముగీటుతో వచ్చినది ఒక కలముగీటుతో పోవునని ఎఱిగి, మనము పట్టణప్రణాళికలోనే, పటములో హద్దులు గీయించి, ప్రదేశముగా చేర్పించుకొనవలెను. 2016లో కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వశాఖవారు ప్రకటించిన ఆదర్శ గృహనిర్మాణనియమములలో వారసత్వకట్టడములకే గాక వారసత్వప్రదేశములకును ప్రత్యేకాధ్యాయము కలదు. అందు మూడుతరగతులున్నవి. మొదటితరగతిదానిని ముట్టరాదు; మూడవతరగతిదానిలో, వీథి పోలికకు విరోధము కాకుండ, మార్పులకు తగినంత చోటున్నది. మన బజారులో నూటికి తొంబదియిండ్లకు మూడవతరగతియే చాలునని మా యభిప్రాయము. అత్యాశకు పోయి మొదటితరగతి కోరినచో వాననీరు కారు ఇంటికప్పు మార్చుటకును అనుమతికై తిరుగవలసివచ్చును.

ఇప్పుడు మనలో మనము మాటలాడుకొందము. ‘పంతులుగారూ, మీకు అమ్ముకొనుటకు ఇల్లు లేదు గావున ఇన్ని చెప్పుచున్నారు’ అని మొన్న ఒక మిత్రుడు మాతో ననెను. నిజమే, మాకు బజారులో ఇల్లు లేదు. ఆ మిత్రునింటికి పదునొకండుగురు వాటాదారులు. నలుగురు విదేశములలో నున్నారు. ఒక్కరును ఇంట లేరు. పన్ను కట్టువాడు ఇతడొక్కడు. ఇతని బాధను భావుకత్వముతో కొట్టివేయుట అన్యాయము. గుర్తింపు వచ్చినచో నాలుగంతస్తుల లాభము పోవును గదా యని అతని ప్రశ్న. పోవును, దాచనక్కఱలేదు. దానికి ప్రతిఫలముగా అభివృద్ధిహక్కుల బదలాయింపు కోరవలెను. ఇచ్చట కట్టని అంతస్తుల హక్కును పత్రముగా పొంది, మఱియొకచోట కట్టువానికి అమ్ముకొనుట యన్నమాట. ఉమ్మడిరాష్ట్రమున 2012 నాటి గృహనిర్మాణనియమములలోనే పాతకట్టడములకు ఈ సదుపాయము వ్రాయబడియున్నది. అహమ్మదాబాదులోను పాతయిండ్లవారికి ఇట్టి హక్కులిచ్చిరి. 2017లో ఆ ప్రాకారనగరము ప్రపంచవారసత్వపట్టిక కెక్కినది. ప్రతిఫలము లేని గుర్తింపును మేమును కోరము. వీథి అందము అందఱిదియు, నష్టము ఒక్కనిదియు అయినచో అది ధర్మము కాదు.

మరమ్మతు ఖర్చులను గూర్చి ఒకమాట. పాతగోడలు ఇటుకతో, గానుగసున్నముతో కట్టినవి. సున్నమున బెల్లపునీరును కరక్కాయ నానిననీరును కలిపెడివారు. ఏ కరక్కాయలు రేవునుండి ఓడలకెక్కెనో అవియే మన గోడలలోను ఉన్నవి! ఇట్టి గోడ ఊపిరి పీల్చును. నేలచెమ్మను పైకి తీసికొని గాలికి వదలును. దానికి సిమెంటుపూత పూసినచో చెమ్మ లోపలనే చిక్కును. సముద్రపుటుప్పు ఇటుకలో గడ్డకట్టి, పూతతోకూడ పెచ్చులుగా ఊడిపడును. పిమ్మట ‘పాతగోడ పనికిరాదు’ అని పడగొట్టుదురు. చంపినవాడే మరణపత్రము వ్రాసినట్లు! మయమతమున జీర్ణోద్ధారమునకు ప్రత్యేకముగా అధ్యాయమే యున్నది. చెడినదానిని బాగుచేయుట మన శిల్పశాస్త్రమున ఒక విధి. సున్నపుపని తెలిసిన మేస్త్రీలు మన ప్రాంతమున నానాటికి అరుదగుచున్నారు. సంఘమువారు కల్యాణమండపమునకు చలువరాయి వేయుటకు ముందు, అట్టి మేస్త్రీ యొకరియొద్ద నలుగురు పిల్లవాండ్రకు పని నేర్పించుటకు జీతము లిచ్చినచో మేము మిక్కిలి సంతోషింతుము. ఈ మాట దాతలకు నొప్పి కలిగింపకుండుగాక!

విన్నపమునకు సాక్ష్యము వలయును. అది మన యిండ్లలోనే కలదు. అటకమీద గోనెసంచులలో మూటకట్టియున్న చిట్టాలు, ఆవర్జాలు, ఓడసరకుల రసీదులు, తాకట్టు దస్తావేజులు: ఏ యింటిని ఎవరు ఏ సొమ్ముతో ఎప్పుడు కట్టిరో ఇవియే చెప్పును. వీనిని పాతకాగితములవానికి తూకమునకు అమ్ముచున్నారు. మేము ఒకమారు అట్టి బండి నాపి, ఒక ఆవర్జా కొని చదివితిమి. కరక్కాయ బస్తాల లెక్క, పడవకూలి, ధర్మఖాతాకు తీసిన అణాలు, వడ్రంగికి దూలమునకై యిచ్చిన బయానా ఒకే పుటలో నుండెను. బడిలో మేము చెప్పిన చరిత్రపాఠములన్నిటికంటె ఆ పుట మేలు. అప్పులెక్కలు బయటపడునని కొందఱు సంకోచింతురు. నూఱేండ్లనాటి అప్పునకు ఇప్పుడెవ్వడును దావా వేయడు. అసలు మీయొద్దనే యుంచుకొని నకలు తీయనిండు.

ఇక మేము చెప్పవలసిన కష్టమైనమాట. విన్నపము మన కులసంఘము పేర పోవలెననియు, ప్రదేశమునకు మన కులపువారి పేరే పెట్టింపవలెననియు కొందఱు పెద్దలు కోరుచున్నారు. మేము దీనికి సమ్మతింపము. ఆ యావర్జాలోనే జవాబున్నది. పడవకూలి పుచ్చుకొన్న జాలరి లేనిదే మన మూట ఓడ కెక్కలేదు. దూలము చెక్కిన వడ్రంగి, సున్నము నూఱిన కూలిది, నారతీసిన రైతు, తోళ్ళను చేపలను అమ్మిన మహమ్మదీయ వర్తకులు, చర్చి కట్టుకొన్న దొరలు, సమాధులలో నిద్రించు ఒలాందావారు, వీరందఱును ఆ వీథికి కర్తలు. మనవా రెక్కువమంది యిండ్లు కట్టిరన్నమాట నిజమే. చరిత్రలో అది వ్రాయవచ్చును. కాని హక్కువలె చెప్పినచో తక్కినవారు సంతకము పెట్టరు. సంతకములు లేని విన్నపము చెల్లదు. వీథివారి సంఘమొకటి వేఱుగా ఏర్పడి, దాని పేర విన్నపము పోవలెను. మన సంఘము ధనము, చిట్టాలు, మనుష్యులను ఇచ్చి వెనుక నిలువవలెను.

అట్లే బజారు వెనుకసందులలో అద్దెకున్న చిన్న అంగళ్ళవారిని మఱువరాదు. గుర్తింపు వచ్చి, అద్దెలు పెరిగి, కాఫీహోటళ్ళు వచ్చి, కొలిమివాడును బుట్టలమ్మునదియు వెడలిపోయినచో నిలిచినది రంగువేసిన గోడలే. దీనికి పూర్తిమందు మే మెఱుగము గాని, అద్దెదారుల సంతకములను గూడ తీసికొనవలెననుట కనీసపు మర్యాద.

సభవారి యామోదమునకై తీర్మానమును చదువుచున్నాము: ‘పాతబజారు యజమానులలో సగముకంటె ఎక్కువమంది వ్రాతపూర్వకసమ్మతిని వచ్చు వార్షికసభలోపల సేకరించుటకును, ప్రతియింటి ముఖమునకు ఛాయాచిత్రము, కొలత, తెలిసినంత చరిత్ర వ్రాయించుటకును, పట్టణప్రణాళికలో ఆ వీథిని వారసత్వప్రదేశముగా చేర్చుటకు, యజమానులకు అభివృద్ధిహక్కుల బదలాయింపు నిచ్చుటకు విశాఖపట్టణ మహానగరప్రాంతాభివృద్ధి సంస్థకును, నగరపాలకసంస్థకును, రాష్ట్రపురావస్తుశాఖకును వీథివారి సంఘము పేర విన్నపములు పంపుటకు తోడ్పడుటకును, ఈ మహాసభ నిశ్చయించుచున్నది.’

సమ్మతిపత్రముల ప్రతులు ద్వారమునొద్ద బల్లమీద ఉన్నవి. బజారులో ఇల్లుగలవారు భోజనమునకు లేచుటకు ముందు ఒక్కొక్కటి తీసికొని, ఇంటికి పోయి, వాటాదారులందఱకును చదివి వినిపింపుడు. వెంటనే సంతకము పెట్టవలదు. వలదని తోచినవారు వలదనియే వ్రాసి యిండు; ఆ పత్రమును గూడ మేము భద్రముగా దాచుదుము.